ఎంత దూరమని చెప్పాలి?

"శాన్‌ఫ్రాన్సిస్కో ఎంత దూరంరా?" అని మా అమ్మ అడిగినప్పుడల్లా నేను గంటల్లోనే బదులు చెప్పేవాణ్ణి. "ఢిల్లీలో విమానమెక్కితే పదహారు గంటలే!" ఆ చివరి ఏకారం గురించే ఈ నాలుగు మాటలు.

గ్లోబు మీద దారం పరచి కొలిస్తే ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దాదాపు 12,400 కి.మీ. ఆ దారం తూర్పుకూ పోదు, పడమరకూ పోదు. ఉత్తరంగా సాగి ధ్రువం దాపుల నుంచి అవతలికి దిగుతుంది. గంటకు 900 కి.మీ. లెక్కన పద్నాలుగు గంటలు సరిపోవాలి. కాని విమానం దారం వెంట నడవదు. టిబెట్టు పీఠభూమిని వీలైనంత తప్పించుకుంటుంది. లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పదివేల అడుగులకు దిగాలి కదా, అక్కడ నేలే అంతకన్నా ఎత్తు! 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా ఈ విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి మళ్ళించి పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది. సమయం మాత్రం రెండు గంటల దాకా తగ్గి పద్నాలుగున్నరకు దిగింది. పడమటి నుంచి తూర్పుకు వీచే జెట్ గాలులు వెనక నుంచి తోసిన ఫలితమది. ఈ వింత నాకిప్పటికీ ముచ్చటే.

మనుషులు పెంచే దూరం వేరు. 2022లో రష్యా తన గగనతలాన్ని అమెరికా విమానాలకు మూసింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు మూసింది. ఢిల్లీ నుంచి ఉత్తర అమెరికా వెళ్ళేవి ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హేగన్‌లోనో ఆగవలసి వచ్చింది.

నాన్న పోయిన కబురు నాకు పొద్దున్నే, ఆఫీసుకు బయలుదేరుతుండగా అందింది. టిక్కెట్టు దొరికి విమానం కదిలేసరికి సగం రోజు. గల్ఫులో ఆరు గంటల పడిగాపు. హైదరాబాదులో దిగాక తెనాలి దాకా కారు. మొత్తం నలభై మూడు గంటలు. ఐసు పెట్టెలో ఇక ఉంచలేమని తమ్ముడు ఫోనులో చెప్పినప్పుడు నేనింకా దారిలోనే ఉన్నాను. ఇల్లు చేరేసరికి వాకిట్లో అద్దె కుర్చీలు ఎత్తుతున్నారు.

అందుకే అంటున్నాను: పరదేశాలలో ఉన్నవాళ్ళం ఇంట్లో పెద్దలకు విమానం గాలిలో ఉండే గంటలు చెప్పడం మానాలి. గడప నుంచి గడపకు ఎంతో అదే చెప్పాలి. భయపడతారేమో అంటాడొక మిత్రుడు. బండి కట్టుకుని తిరిగిన కాలంలో "తెల్లారి కదిలితే పొద్దుగూకేసరికి చేరతాం" అనేవారు మనవాళ్ళు. అది గడప లెక్కే, దానికెవరూ బెదరలేదు.

క్రిందటిసారి అమ్మ మళ్ళీ అడిగింది. "రెండు రోజులమ్మా" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. ఆ వారమే వీధి తలుపు రెండో తాళంచెవి ఎదురింటి పిన్నిగారికి ఇచ్చిందట.