ఆకులో తైలం ఉంది.. ఆదాయం ఉందా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బత్తాయి, నిమ్మ అంటే కాయ ధరపైనే చర్చ. ఆకు ఊసెత్తేవారు అరుదు. ఆ ఆకును వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే సూదిమొనతో పొడిచినట్లు చుక్కలు కనిపిస్తాయి. అవే తైలగ్రంథులు. నలిపితే గుప్పుమనే వాసన వాటిదే.

ఆవిరి పట్టి తీసే ఈ తైలంలో బత్తాయికైతే సాబినీన్, నిమ్మకైతే సిట్రాల్, లిమోనీన్ వంటి పదార్థాలుంటాయి. ఇవి కొవ్వులో కరిగే గుణంతో సూక్ష్మజీవుల కణపొరను దెబ్బతీస్తాయి. కొన్ని రకాల బాక్టీరియా, బూజు ఎదుగుదలను ఆపుతాయని, దోమ లార్వాలను చంపుతాయని పలు దేశాల ప్రయోగశాలల్లో తేలింది. ఈ మాట వినగానే ఆకు తైలాన్ని సర్వరోగ నివారిణిగా, పురుగుమందుకు ప్రత్యామ్నాయంగా చెప్పేవారు బయలుదేరుతున్నారు.

తోటకు వెళ్లి చూస్తే సంగతి వేరు. అదే ఆకును నిమ్మ సీతాకోకచిలుక గొంగళిపురుగు ఈనెలు మిగిల్చి తినేస్తుంది. ఆకు తొలిచే పురుగు తెల్లని చారలు గీస్తుంది. గజ్జి తెగులు బాక్టీరియా ఆకుపైనే మచ్చలు కడుతుంది. తరతరాలుగా ఈ తైలానికి అలవాటుపడిన శత్రువులివి. గాజు పళ్లెంలో చచ్చిన సూక్ష్మజీవిని చూపి చెట్టును కాపాడతామనడం తొందరపాటే.

లెక్కలు మరో చిక్కు. టన్ను పచ్చి ఆకుకు వచ్చే తైలం రెండు మూడు కిలోలకు మించడం కష్టం. కోత అనంతరం రైతు తీసేవి అధికంగా ఎండుపుల్లలు. వాటిలో తైలం మిగలదు. నీటికొమ్మలు, అంటు కింది నుంచి వచ్చే చిగుళ్లు మాత్రమే పనికొస్తాయి. ఆశపడి పచ్చని కొమ్మలు దూస్తే కాపు దెబ్బతింటుంది. మందు కొట్టిన ఆకైతే అవశేషాలు తైలంలోకీ చేరే ప్రమాదముంది. పరాగ్వేలో ఆకు తైలం పరిశ్రమగా నిలిచిందంటే అక్కడ వాడేది చేదు నారింజ ఆకు, పరిమళ ద్రవ్యాల కంపెనీలు కొనేదీ దానినే. మన సాత్‌గుడి బత్తాయి వేరు.

కొండమల్లేపల్లిలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. బోడుప్పల్‌లో సుగంధ మొక్కలపై పనిచేసే సీమ్యాప్ కేంద్రం ఉంది. ఉమ్మడిగా పది తోటల నీటికొమ్మల నుంచి తైలం తీయించి, దిగుబడి, ఖర్చు వెల్లడిస్తే రైతుకు స్పష్టత వస్తుంది. అంతవరకు అప్పు చేసి స్వేదన యంత్రం కొనవద్దనే ఈ విలేకరి మాట. కాయకు నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్, నల్లగొండలో బత్తాయి మార్కెట్ ఉన్నాయి. తైలం డబ్బా పట్టుకుని రైతు ఎక్కడికి వెళ్లాలన్నది ముందు తేలాలి.