ఓడెక్కితేనే మెరైన్ ఇంజినీరు

1948 మార్చి 14న విశాఖపట్నంలో ‘జల ఉష’ను నీట దింపడానికి ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. సింధియా యార్డులో తయారైన ఆ ఓడ స్వతంత్ర భారతం చూసుకుని మురిసిన తొలి పెద్ద నౌక. ఓడ కట్టాం సరే, దాని కడుపులో యంత్రాన్ని నడిపేదెవరు? కళాసీలుగా, బాయిలర్లకు బొగ్గు పోసేవాళ్లుగా మనవాళ్లు తరాల తరబడి ఉన్నారు. చీఫ్ ఇంజినీరు మాత్రం సాధారణంగా దొరే. బొంబాయిలో ‘డఫరిన్’ శిక్షణ నౌక 1927లోనే మొదలైనా, ఇంజిన్ విద్యకు పిల్లల్ని చేర్చుకున్నది 1935 నుంచి. 1949లో కలకత్తా, బొంబాయిల్లో కేంద్రం ప్రత్యేక శిక్షణ సంస్థ పెట్టాక గానీ ఈ చదువు కుదురుకోలేదు.

ఈలోగా యంత్రం మారిపోయింది. 1912లో డెన్మార్క్ ఓడ ‘సెలాండియా’ డీజిల్‌తో మహాసముద్రం దాటింది. ఆవిరి క్రమంగా తప్పుకుంది. ఇప్పటి పెద్ద ఓడ ఇంజిన్ మూడంతస్తుల మేడంత ఉంటుంది. నిమిషానికి వందకు అటూఇటూ మాత్రమే తిరుగుతూ, గేర్లు లేకుండా నేరుగా ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. నడిసముద్రంలో పిస్టన్ రింగు విరిగితే మెకానిక్కు కోసం కబురు పంపలేం. కరెంటు, మంచినీళ్లు, వంటింటి ఫ్రిజ్, మరుగుదొడ్డి పైపు సహా అన్నీ ఆ నలుగురైదుగురు ఇంజినీర్ల నెత్తిమీదే.

2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితి 3.5 శాతం నుంచి 0.5కు తగ్గింది. ఇంధనాల్లో తర్వాతి వంతు మిథనాల్‌ది, అమోనియాది. పాత ఫర్నేస్ ఆయిల్ వేడి చేస్తే గానీ పారదు. మిథనాల్ మంట పగటి వెలుగులో సరిగా కనబడదు. అమోనియా విషవాయువు. నిన్నటి అనుభవం ఒక్కటే చాలని ఏ చీఫ్ ఇంజినీరూ అనలేడు.

మారనిది ఒకటే, మెట్లెక్కే పద్ధతి. నాలుగేళ్ల మెరైన్ బీటెక్ గానీ, మెకానికల్ డిగ్రీపై ఏడాది శిక్షణ గానీ పూర్తి చేసినా, ఓడపై కనీసం ఆరు నెలలు పనిచేస్తేనే మెరైన్ ఇంజినీరుగా తొలి మెట్టయిన క్లాస్ ఫోర్ పరీక్షకు అర్హత. ఆపైన క్లాస్ టూ, క్లాస్ వన్. ప్రతి మెట్టుకూ ‘సీ టైమ్’, అంటే ఓడపై పనిచేసిన కాలం, చూపాలి. చిక్కంతా ఇక్కడే. కాలేజీలో సీటు డబ్బుకు దొరుకుతుంది, ఓడలో చోటు దొరకదు. సర్టిఫికెట్లు పట్టుకుని ఒడ్డునే మిగిలిన కుర్రాళ్ల ఆత్రమే, ఉద్యోగం ఇప్పిస్తానని డబ్బు అడిగే దళారీకి పెట్టుబడి. మన తీరంలో ఈ కథ తెలియని ఊరు తక్కువే.

కాబట్టి ఫీజు కట్టేముందు తల్లిదండ్రులు జీతం ఎంతని కాదు, మా వాణ్ని ఏ కంపెనీ ఓడెక్కిస్తుందని అడగాలి. జవాబు కాగితం మీద తీసుకోవాలి. నియామక సంస్థ లైసెన్సు నంబరు డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదన్నది నిబంధన. ఎవరైనా అడిగితే అక్కడినుంచి లేచి వచ్చేయండి.