రావిర్యాలలో నొక దినము

సింగోటము జాతరలో రంగులరాట్నమెక్కని ఆడపిల్ల మా నాగర్‌కర్నూలు సీమలో అరుదు. ఆ రాట్నమునకు దూరపు చుట్టమగు రోలర్‌కోస్టరును చూడవలెనని పిల్లలు పట్టుపట్టుటచే, మొన్న వేసవి సెలవులలో హైదరాబాదు చెంత రావిర్యాలలో 2016వ సంవత్సరమున తెఱచిన వండర్‌లాకు బోయి వచ్చితిమి. గద్వాల, వనపర్తి బంధువులు జడ్చర్ల మీదుగ పెద్దరోడ్డున వచ్చిరి. మేము కల్వకుర్తి, ఆమనగల్లు మీదుగ శ్రీశైలము రోడ్డున బోతిమి. తెల్లవారుజామున కట్టిన పులిహోరను కడ్తాలు దాటకమునుపే పిల్లలు ముగించిరి.

పిల్లలు ముందుగా పరుగెత్తినది రీకాయిలను బండి యొద్దకు. ఈ బండికి తనలో యంత్రము లేదు. దానిని వెనుకకు లాగి మిక్కిలి యెత్తున నిలిపి విడుతురు. అది క్రిందికి దుమికి, మెలికలు తిరిగిన కమ్మిబాటపై తలక్రిందులై, ఆవలి మెట్టపై మరల పైకి లాగబడి, వచ్చినదారినే వెనుకకు మరలును. తలక్రిందులైనపుడు మనుష్యులేల పడరని మా అత్తగారడిగిరి. నీళ్ల చెంబును గిఱ్ఱున త్రిప్పినపుడు నీరొలుకదు గదా! అదియు నిట్టిదే. మఱియు భుజములపై గట్టి కడ్డీలు బిగింతురు. పట్టా పైనను, ప్రక్కను, క్రిందను గూడ చక్రములుండి బండిని విడువక పట్టియుండును. ఈ క్రింది చక్రములకు అమెరికావాడగు జాన్ మిల్లరు 1919లో హక్కుపత్రము పొందెను. అంతకుమున్ను 1884లో న్యూయార్కు చెంత కోనీ ఐలండులో థాంప్సనుగారు నడపిన బండి గంటకు ఆఱు మైళ్లే పోయెడిదట. మన జట్కాబండి దానిని సులభముగ దాటిపోవును!

ఎక్కుచోట నొక పలక గలదు. గుండెజబ్బు, రక్తపుపోటు, నడుమునొప్పి గలవారును, గర్భిణులును ఎక్కరాదని దాని సారాంశము. నగల వెలలపట్టీని రెండుమాఱులు చదువు మనము ఇట్టి పలకల నొక్కమాఱైనను చదువము.

వనపర్తి వదినెగారి కోడలికి పెండ్లియై యాఱు మాసములైనది. ఆడుబిడ్డలామె చేయి పట్టి లాగుచుండిరి. ఆమె నవ్వుచునే వెనుకంజ వేయుచుండెను. పిఱికిదని అందఱు నెకసక్కెమాడిరి. మేమా పలకను మరల చదివి, ఆమె మొగమువంక జూచి, నెల తప్పినదా యని చెవిలో నడిగితిమి.

“పది దినాలు దాటింది, చిన్నమ్మా. అత్తమ్మకింకా చెప్పలేదు,” అని కన్నుల నీరు పెట్టుకొనెను.

ఇందఱు మగవారి నడుమ ఎట్లు చెప్పును? చెప్పకున్న ఎక్కక తప్పునా? హఠాత్తుగ కలుగు కుదుపులచే మాయ గర్భసంచినుండి విడిపోవునేమోయని వైద్యుల భయము. తొలిదినములలో ఎంత కీడు కలుగునో గర్భిణుల నెక్కించి పరీక్షింపరు గనుక, వలదనుటయే వారి మాట.

మాకు తల తిరుగుచున్నదనియు, కోడలు తోడుండవలెననియు బిగ్గఱగ జెప్పి, నీడలోని బల్లపై కూలబడితిమి. అబద్ధమే. బండి కేకలతో మూడుమాఱులు మా తలలమీదుగ పోయినది. ఆ పిల్ల మజ్జిగ త్రాగుచు, పుట్టింటివారికైనను తెలుపలేదని చెప్పినది. సాయంకాలములోగ అత్తగారి చెవిని వేయుమని మాత్రము మేమనినాము.

బయలుదేఱువేళ వదినెగారు కోడలిని తన ప్రక్కన కూర్చుండబెట్టుకొని, గుంతలు చూచి మెల్లగ నడపుమని డ్రైవరుతో రెండుమాఱులు చెప్పుట వింటిమి.