పెన్‌డ్రైవ్‌లో పట్టే చదువు

ఈ వారం నాకు ఒళ్లు మండించింది ఒక పీడీఎఫ్. స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో టీచర్లకు పంచారట. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పే మిత్రుడు నాకూ పంపాడు. తరగతి గదిలో వాడుకోదగిన ఉచిత ఆన్‌లైన్ సాధనాల జాబితా అది. క్విజ్‌లకు కహూట్, పిల్లలు రాసినవి అతికించడానికి ప్యాడ్‌లెట్, నల్లబల్లకు బదులు జామ్‌బోర్డ్, పిల్లల చేత మాట్లాడించి రికార్డు చేయడానికి ఫ్లిప్. రంగురంగుల బొమ్మలు, పక్కనే లింకులు. వీటిలో జామ్‌బోర్డును గూగుల్ 2024 డిసెంబరుతో మూసేసింది. ఫ్లిప్‌గ్రిడ్‌ను 2018లో కొని అందరికీ ఉచితం చేసిన మైక్రోసాఫ్ట్ ఆ యాప్‌ను కూడా 2024లోనే ఎత్తేసింది. జాబితా తయారుచేసిన మహానుభావులు ఒక్కో లింకునూ ఒక్కసారి నొక్కి చూసినా ఈ సంగతి తెలిసేది.

పోనీ, మిగిలినవైనా పనిచేస్తాయనుకుందాం. కహూట్ ఆడాలంటే పిల్లల చేతుల్లో ఫోన్లుండాలి, కనీసం జట్టుకొకటి. సర్కారు బడికి ఫోను తెస్తే లాక్కుని బీరువాలో పెట్టేది మనమే. ఆపైన నెట్టు ఉండాలి. కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే యూడైస్ 2023-24 లెక్క ప్రకారం దేశం మొత్తం మీద ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం. ఉందని రాసుకున్న చోట కూడా అది ఏ పూట వస్తుందో, ఎంతమంది ఒకేసారి తెరిస్తే పడిపోతుందో ఆ లెక్కలో కనపడదు. చివరికి సారే తన ఫోన్లో హాట్‌స్పాట్ పెడతాడు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేలోపు ఆ రోజు డేటా అయిపోతుంది. ఈ ఉచిత సాధనానికి రీచార్జి ఎవరు చేయిస్తారండీ అని ఆ మీటింగులో ఎవరో అడిగితే అందరూ నవ్వారట. నవ్వాల్సిన ప్రశ్నేం కాదు.

కంపెనీలు ఏదీ ఊరికే ఇవ్వవని మనకు తెలియదా? విద్యాసంస్థలకు హద్దుల్లేని స్టోరేజీ ఇస్తామని ఊరించిన గూగుల్, 2021లో మాట మార్చి సంస్థ మొత్తానికి కలిపి 100 టెరాబైట్లే అంది. ప్యాడ్‌లెట్ ఉచిత ఖాతాలో మూడే బోర్డులు. నాలుగో పాఠం మొదలెట్టాలంటే మొదటి పాఠంలో పిల్లలు రాసిందంతా చెరిపేసుకోవాలి. అలవాటు చేసేదాకా ఉచితం, అలవాటయ్యాక బేరం. అందుకే నేను ఎప్పుడూ అనే మాట మళ్లీ అంటున్నాను: నెట్టు లేని రోజు పనిచేయనిది, పెన్‌డ్రైవ్‌లో వేసి దాచుకోలేనిది బడికి అక్కర్లేదు.

దాచుకోగలిగినవి లేవా అంటే, బ్రహ్మాండమైనవి ఉన్నాయి. భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు చూడండి. ఒక్కో ప్రయోగం ఒక్కో చిన్న ఫైలు. ఒకసారి దించుకుంటే ఏ పాత కంప్యూటర్లోనైనా బ్రౌజరులో తెరుచుకుంటుంది, నెట్టుతో పనిలేదు. పోయినేడు ఒక బడిలో పదో తరగతి ఫిజిక్స్ క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని చూశాను. మేడం పెన్‌డ్రైవ్ తెచ్చి ప్యానెల్‌కు తగిలించింది. తెర మీద బ్యాటరీ, తీగలు, బల్బు. ఒక కుర్రాడిని పిలిచి "నీ ఇష్టమొచ్చినట్టు కలుపు" అంది. వాడు బల్బు సంగతే మరిచి తీగను బ్యాటరీ ఈ కొస నుంచి ఆ కొసకు కలిపేశాడు. తెర మీద బ్యాటరీ భగ్గుమంది. "మేడం, అంటుకుంది!" అని క్లాసంతా లేచి నిలబడింది. మేడం మాట్లాడలేదు. రెండో వరుసలోంచి ఒక అమ్మాయి గబగబా వచ్చి తీగ మధ్యలో బల్బు పెట్టింది. మంట ఆరింది, బల్బు వెలిగింది. "ఎందుకారిందే?" అని అప్పుడడిగింది మేడం. నిరోధం అనే మాట ఆ అమ్మాయి నోటి నుంచే వచ్చింది. నిజం బ్యాటరీతో ఈ పని చేయించగల ల్యాబు మన బడుల్లో ఎన్ని చోట్ల ఉంది? ఆ సిమ్యులేషన్లలో కొన్నిటికి తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. మిగతావి చేస్తామంటే కావలసిన పనిముట్టు వాళ్లే ఇస్తారు. వేసవి సెలవుల్లో పదిమంది సైన్స్ టీచర్లను కూర్చోబెట్టి, పారితోషికం ఇచ్చి చేయిస్తే తీరిపోయే పని. ఆ పని ఎవరికీ తోచదు. మనకు తోచేదల్లా వీడియో.

వీడియో అంటే నాకు చిరాకని పాఠకులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. డిజిటల్ విద్య అనగానే మనవాళ్లు కెమెరా పెట్టి ఒకాయన్ని నిలబెడతారు. 2017 గురుపూజోత్సవం నాడు వెంకయ్యనాయుడు గారు ప్రారంభించిన డిజిటల్ పాఠాల వేదిక దీక్షాలో ఎంతో సామగ్రి ఉంది, కాదనను. కానీ పుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి చూడండి: అదే పాఠాన్ని ఇంకొకరు అదే వరుసలో చదివి వినిపించే వీడియోలు ఎన్ని తగులుతాయో. ఎదురుగా బతికున్న టీచరు ఉండగా తెర మీద ఇంకో టీచరెందుకు? కరోనా కాలంలో దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు చెప్పారంటే అర్థముంది, అప్పుడు బడే లేదు. బడి తెరిచాక కూడా పిల్లవాడి చేతికి పని కల్పించకుండా కళ్లకే పని కల్పిస్తే అది సాధనం కాదు, టీవీ.

ఆంధ్రప్రదేశ్‌లో ట్యాబుల ముచ్చట మరిచిపోయామా? 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ టీచర్లకూ కలిపి 5,18,740 ట్యాబులు, 686 కోట్ల రూపాయల ఖర్చు. అందులో బైజూస్ పాఠాలు మాత్రం ఉచితమని చెప్పారు. నెట్టు లేకున్నా నడిచేలా మెమరీ కార్డులో వేసి ఇచ్చారు, ఆ ఒక్కటీ మంచి ఆలోచన. కానీ టీచరు అందులో ఒక్క ప్రశ్నను తన ఊరి పిల్లలకు తగ్గట్టు మార్చుకోలేడు. 2024 జులైలో ఆ కంపెనీయే దివాలా విచారణకెక్కింది. వింత ఏమిటంటే, లెక్కల టీచర్లు ప్రాణంగా చూసుకునే జియోజీబ్రాను 2021 డిసెంబరులో కొన్నది కూడా బైజూసే. ఆస్ట్రియాలో ఒక విద్యార్థి 2001లో తన పరిశోధన కోసం రాసుకున్న సాఫ్ట్‌వేర్ అది. యజమాని మునిగినా, కంప్యూటర్లో ఎక్కించుకున్న మా మిత్రుడికి ఏమీ కాలేదు. అర్ధవృత్తంలో కోణం తొంభై డిగ్రీలేనని ఆయన ఇప్పటికీ బిందువును జరిపి జరిపి చూపిస్తున్నాడు.

కేరళవాళ్లు ఈ గుట్టు ముందే పట్టారు. 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, లైనక్స్ మీద బడుల కోసమే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసుకుని, జియోజీబ్రా లాంటివి అందులోనే ఎక్కించి, వాటి మీద టీచర్లకు శిక్షణ ఇచ్చారు. మనకు ఇంజనీర్లు లేరా? ప్రపంచంలో సగం సాఫ్ట్‌వేర్ మనమే రాస్తున్నామని ప్రతి సభలో చెప్పుకుంటాం కదా.

అసలు మన టీచర్ల ఫోన్లలో సాధనాలకు జాగా ఎక్కడుంది? ఆంధ్రలో 2022 ఆగస్టు నుంచి హాజరుకు ముఖం చూపించాల్సింది ఆ ఫోనుకే. కోడిగుడ్ల లెక్క, భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో ఎక్కించిందీ ఆ ఫోన్లోంచే. సొంత ఫోన్లెందుకు వాడాలని సంఘాలు మొత్తుకున్నాయి. ఇప్పుడు ఆ యాప్‌లను కలిపి లీప్ అని ఒకటి చేశారు, సంతోషం. ఫోను మాత్రం టీచరుదే, డేటా టీచరుదే, సర్వరు మొరాయిస్తే ఆలస్యం కూడా టీచరు ఖాతాలోనే. టికెట్ మిషన్ కండక్టరే కొనుక్కు తెచ్చుకోవాలని ఏ ఆర్టీసీ అయినా అంటుందా? బడికొక ఫోను, బడి పేరు మీద ఒక సిమ్ము, నెలనెలా దానికి రీచార్జి. దీనికి జీవో రావడానికి ఏం అడ్డమో విద్యాశాఖ చెప్పాలి. ఆ తర్వాత ఎన్ని పీడీఎఫ్‌లైనా పంచుకోవచ్చు, లింకులు నొక్కి చూసి.