ఆకాశమున హద్దులు మారినవేళ

ప్రసారమునకు రెండు కొనలుండును. ఒక కొనయందు పంపువాడు, వేరొక కొనయందు గ్రహించువాడు. కావ్యవిషయమున మన ఆలంకారికులు ఈ సంగతిని ఏనాడో తేల్చిరి. కవి యెంతటి ప్రతిభాశాలియైనను గ్రహించు సహృదయుడు లేనిచో రసనిష్పత్తి లేదనిరి. కావ్యమునకు చెల్లిన న్యాయము ఆకాశవాణికిని, దూరదర్శనమునకును చెల్లకపోదు. స్తంభము నిలిపి, యంత్రము నడపి, తరంగములను గాలిలోనికి వదలినంతమాత్రమున పంపువాని ధర్మము తీరదు. అవి చేరవలసిన ఇంటికి చేరినప్పుడే అది ప్రసారమనిపించుకొనును. ఈ చిన్న సత్యమును మన ప్రసారవ్యవస్థ కొంతకాలముగా మరచినట్లు తోచుచున్నది.

2022 మార్చి, ఏప్రిలు నెలల సంధిలో మాకు రెండు హద్దులు మారినవి. ఒకటి నేలపైది. ఏప్రిలు 4 వ తేదీన క్రొత్త జిల్లాలు అమలునకు వచ్చి, అంతవరకు కర్నూలు జిల్లాలోనున్న కోయిలకుంట్ల నంద్యాల జిల్లాలో చేరినది. రెండవది ఆకాశముపైది. నేలపై నిలిచిన పాతపద్ధతి దూరదర్శన ట్రాన్స్‌మిటర్లను, కీలకస్థానములలోని ఏబదింటిని మినహాయించి, ఆ మార్చి 31 లోపల మూసివేయుదుమని ప్రసారభారతి 2021 లో ప్రకటించియుండెను.

జిల్లాల విషయమున ప్రభుత్వము జనవరిలోనే ముసాయిదా వెలువరించినది. గడువిచ్చి అభ్యంతరములు స్వీకరించినది. రచ్చబండలపై వాదములు జరిగినవి. ఏ ఊరు ఎటు పోవునో గొఱ్ఱెల కాపరికి సైతము తెలిసెను. ఆకాశపు హద్దు మారిన సంగతి ఎందరికి తెలిసెను? ప్రకటన లేదని నేననను. కాని అది ఢిల్లీనుండి పత్రికలకు వెలువడిన ప్రకటన. మిద్దెపై ఏంటెన్నా నిలుపుకొన్నవాని గడపకు వచ్చి, “అయ్యా, ఫలానా దినమునుండి నీ పెట్టెలో బొమ్మ రాదు; దానికి మారుగా నీవిట్లు చేసికొనుము” అని చెప్పినవారిని నేను చూడలేదు. నేలమీది గీతకు ప్రజల సమ్మతి కోరిన రాజ్యము గాలిలోని గీతకు కనీసము చాటింపు వేయవలదా?

ఈ దేశమున పల్లెకు టెలివిజను వచ్చినదే ఒక ప్రయోగముగా వచ్చినది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు, అమెరికావారి ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు కార్యక్రమములు ప్రసారమైనవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమొకటి. ఆ భాషలలో తెలుగొకటి. 860 మెగాహెర్ట్జుల పౌనఃపున్యముపై దిగివచ్చు ఆ బొమ్మను పట్టుటకు, కోళ్లగూళ్లకు వాడు ఇనుపతీగ వలతో మూడు మీటర్ల గొడుగులు నిర్మించి ఊరి నడుమ నిలిపిరి. ఏడాది నిండగనే ఎరువు తెచ్చిన ఉపగ్రహము తన దారిన తాను పోయెను. 1977 లో హైదరాబాదు దూరదర్శన కేంద్రము ప్రారంభమై, అటుపై 1984 మొదలు నేలమీది రిలే కేంద్రములు దేశమంతట విరివిగా వెలసినవి.

మా కుందేటి లోయకు తూర్పున నల్లమల, పడమట ఎఱ్ఱమల. టెలివిజను తరంగములు చూపువలె తిన్నగా సాగునవి. కొండ అడ్డమైనచో ఆగును. దూరమైనచో నేల వంపున మరుగుపడును. అందుచేతనే ఆ దినములలో ఈ సీమ మిద్దెలపై అంతంత పొడవైన గొట్టములు లేచినవి. ఈదురుగాలి వీచిన మరునాడు ఒకడు మిద్దెయెక్కి గొట్టము త్రిప్పుచుండగా, ఇంటిలోనుండి మరియొకడు “వచ్చె, వచ్చె, మళ్ళ పాయె” యని కేకలు వేయుట వీథివీథిని కానవచ్చెడిది. నవ్వు పుట్టించు దృశ్యమే. కాని అందొక గొప్ప సంగతి ఇమిడియున్నది. వెదకు శక్తి గ్రహించువాని చేతిలోనే ఉండెను.

రేడియోవిషయమును చూడుడు. అంతర్జాతీయ ఒడంబడిక ననుసరించి 1978 నవంబరు 23 న మీడియం వేవు స్టేషనుల నడుమ ఎడము మన ఖండమున పది కిలోహెర్ట్జులనుండి తొమ్మిదికి తగ్గినది. హైదరాబాదు 738, విజయవాడ 837, కడప 900, విశాఖపట్టణము 927 - మన తెలుగు స్టేషనుల అంకెలన్నియు తొమ్మిదిచే నిశ్శేషముగా భాగింపబడుట అందువలననే. ఆ మార్పును గూర్చి శ్రోతకు ఎవరు చెప్పినను, చెప్పకున్నను, అతడు పెద్దగా నష్టపోలేదు. ముల్లును వెండ్రుకవాసి జరిపిన చాలును. విన్న గొంతు మరల వినవచ్చెను. చదువురాని రైతు సైతము చెవితో స్టేషనును వెదకుకొనెను.

డిజిటల్ యుగమున ఈ స్వాతంత్ర్యము పోయినది. పాతపద్ధతి బొమ్మ బలహీనపడినను చావదు. ముదుసలి కంటిచూపువలె క్రమముగా మసకబారును. చుక్కలు నిండిన తెరపై సైతము మనిషి ఆనవాలు తెలియును, మాట వినవచ్చును. డిజిటల్ బొమ్మ అందినంతవరకు అద్దమువలె స్వచ్ఛము. హద్దు దాటిన మరుక్షణము ముక్కలై, కొయ్యబారి, మాయమగును. దానిని మరల పట్టుటకు చెవియు, కన్నును చాలవు. ఉపగ్రహము పేరు, పౌనఃపున్యము, ధ్రువణము, సింబల్ రేటు అను నాలుగింటిని సరిగా తెలిసి, పెట్టెలోపల ఎచటనో దాగిన పట్టికలో మార్పవలెను. కనుకనే నా వాదము. వెదకు శక్తి గ్రహించువాని చేతినుండి తొలగినప్పుడు, తెలుపు బాధ్యత పంపువానిపై రెట్టింపగును. యంత్రము మారినది గాని, బాధ్యత మారినట్లు కానరాదు.

మా వీథిలో ఒక వృద్ధురాలు కలదు. కుమారులు పొట్టకూటికి దూరదేశమునకు పోయిరి. సాయంకాలపు వార్తలును, భక్తి కార్యక్రమమును ఆమెకు తోడు. ఒకనాడు నన్ను పిలిచి, “మూడు దినాలాయ సారూ, బొమ్మ రావడంల్యా. ఇంగిలీసులో ఏందో రాసిండాది. ఏమని రాసిండారు?” అనెను. చూచితిని. “సిగ్నలు లేదని వ్రాసినారమ్మా” అంటిని. “లేదని నాకూ తెలుస్తాంది సారూ. మళ్ళ యెప్పుడొస్తాదో రాసిండారా?” అనెను. నా యొద్ద సమాధానము లేదు. ఏ సంస్థవారి ప్రసారమన్నది ఇచట అప్రస్తుతము. పౌనఃపున్యము మారినదని మరునాడు తెలిసినది. తెలిసిన కుఱ్ఱవాడొకడు వచ్చి ఐదు నిమిషములలో సరిచేసెను. ఐదు నిమిషముల పనికి నాలుగు దినముల మౌనము! ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్నకు మించిన విమర్శ నేను చేయజాలను.

మార్పు వలదని నేననుట లేదు. పాత ట్రాన్స్‌మిటర్లకు విద్యుత్తు వ్యయము, సిబ్బంది వ్యయము కలవు. వానిపై ఆధారపడినవారు నానాటికి తగ్గిరి. ఒకే కార్యక్రమము ఆక్రమించిన తావులో డిజిటల్ పద్ధతిని పలు కార్యక్రమములు పట్టును. మిగిలిన తావు ఫోనులకు, ఇతర సేవలకు ఉపకరించును. అదియునుగాక 2004 డిసెంబరులో డి.డి. డైరెక్ట్ ప్లస్ అను పేర మొదలై, తరువాత ఫ్రీ డిష్‌గా మారిన ఉపగ్రహసేవకు నెలసరి రుసుము లేదు. దేశమున నాలుగు కోట్లకు పైబడిన ఇండ్లు దానిని గ్రహించుచున్నవని పరిశ్రమవారి అంచనా. ఇది గొప్ప సేవయే. ఐనను డిష్షునకు, పెట్టెకు మొదట పైకము కావలెను. ఆపై అందలి చానళ్లకు ఏటేట వేలము జరుగును; వరుస మారును; పెట్టెను మరల వెదకించవలెను. “ఉచితము” అను మాటలో ఈ శ్రమ లెక్కకు రాలేదు.

ఇతరదేశములును ఈ దారినే నడచినవి. నడచిన తీరు వేరు. అమెరికాలో 2009 ఫిబ్రవరి 17 న పాత ప్రసారములు నిలిపివేయవలెనని నిర్ణయముండగా, సిద్ధపడని ఇండ్లింకను చాల కలవని గ్రహించి జూన్ 12 వరకు గడువు పెంచిరి. కోరిన ఇంటికి నలువది డాలర్ల విలువగల కూపనులు రెండేసి ఇచ్చిరి. బ్రిటనులో ఒక్కమారుగా కాక, 2007 మొదలు 2012 వరకు ప్రాంతము వెంట ప్రాంతముగా మార్చుచు పోయిరి. డెబ్బదియైదేండ్లు దాటినవారికి, వికలాంగులకు యంత్రము అమర్చి నేర్పుటకు ప్రత్యేక సహాయపథకము నడపిరి. జపానులో 2011 జులై 24 న మార్పు జరిగినది. కాని ఆ మార్చిలో భూకంపమునకు, సునామీకి గురియైన ఇవాతె, మియాగి, ఫుకుషిమా సీమలకు మాత్రము 2012 మార్చి 31 వరకు పాత ప్రసారము నిలిపి ఉంచిరి. వారి ధనము మనకు లేకపోవచ్చును. గ్రహించువాడు సిద్ధపడెనా లేదా యని అడుగుటకు ధనముతో పనిలేదు.

జపానువారి దృష్టాంతము మరియొక సంగతిని స్ఫురింపజేయుచున్నది. ఉపగ్రహమునుండి చిన్న డిష్షునకు దిగు తరంగములను కుంభవృష్టి అడ్డగించును. ఇది యంత్రదోషము కాదు, ఆ తరంగముల స్వభావము. ఎండకాలమున నిరాటంకముగా వచ్చు బొమ్మ, వార్త అత్యవసరమైన గాలివాన వేళనే పోవును. 2009 అక్టోబరు 2 న కర్నూలు పట్టణము వఱద పాలైన సంగతి ఈ సీమవారెవరు మరువగలరు? అట్టి దినమున నేలమీది స్తంభమునుండి వచ్చు ప్రసారము, రెండు బ్యాటరీలతో పలుకు రేడియో ఎంత విలువగలవో వేరుగ చెప్పనేల? నేలమీది ట్రాన్స్‌మిటరు పాతబడినచో దానికి మారుగా డిజిటల్ ట్రాన్స్‌మిటరు నిలుపుట ఉచితము; స్తంభమునే త్యజించుట దూరదృష్టి కాదు. 2016 ఫిబ్రవరిలో దూరదర్శనము పదహారు నగరములలో నేలమీది డిజిటల్ ప్రసారము మొదలిడినది. అందు మదరాసు, బెంగుళూరు ఉండెను. తెలుగు నగరమొక్కటియు లేదు. పల్లె మాట చెప్పనక్కరలేదు.

ఇక భాష మాట. తెలుగు బోధించువాడను కనుక ఇది నాకు మరింత బాధాకరము. మా రేనాడు తెలుగు శాసనములకు పుట్టినిల్లు. ఆరవ శతాబ్ది ఉత్తరార్ధమున, సంస్కృత ప్రాకృతములు రాజశాసనభాషలై వెలయుచున్న కాలమున, రేనాటి చోడులు కడప సీమ కలమళ్లలో తెలుగున శాసనము వేయించిరి. చెప్పదలచిన మాట ఎవరికి చేరవలెనో వారి భాషలో చెప్పవలెనన్న వివేకము వారికుండెను. దాదాపు పదునాలుగు వందల ఏండ్ల పిదప అదే సీమలో, తెలుగు కార్యక్రమములు చూచుటకే కొన్న పెట్టె, తన లోపమును ఇంగ్లీషున చెప్పుచున్నది. పౌనఃపున్యము మారునప్పుడు వెలువడు సూచనయు అంకెలును, సంకేతాక్షరములును కలిసిన గూఢలిపియే. “మీ పెట్టెలో పాత అంకె ఇది, క్రొత్త అంకె ఇది, ఈ మీట నొక్కుడు” అని మూడు వాక్యములు తెలుగున వ్రాయుటకు మహాపాండిత్యము కావలెనా?

నా కోరికలు పెద్దవి కావు. పౌనఃపున్యము గాని, ప్రసారపద్ధతి గాని మార్పదలచినప్పుడు నెలకు తక్కువ కాకుండ ముందుగా అదే చానలుపై, తెలుగున, వార్తల వేళ ప్రకటింపవలెను. రేడియోలోను చెప్పవలెను. పంచాయతి కార్యాలయపు గోడకు ఆ అంకెలు గల కాగితము అంటింపవలెను. దండోరా వేయించినను తప్పులేదు. మారిన తరువాత కొన్ని దినములు పాతచోట బొమ్మ నిలిపి, దానిపై క్రొత్త అంకె చూపవలెను. మండలమునకొక్కరైనను ఇల్లిల్లు తిరిగి సరిచేయు మనిషిని నియమింపవలెను. ఒక్క తెలుగు చానలు, ఒక్క రేడియో స్టేషను ఏ డిష్షును అక్కరలేకుండ నేలమీదినుండి అందునట్లు చూడవలెను. ఇవి దయతో ఇచ్చు దానములు కావు.

ఏలయన, గాలి ఎవరి సొత్తు? 1995 ఫిబ్రవరి 9 న సుప్రీంకోర్టు ఒక క్రికెట్ ప్రసార వివాదమున తీర్పు చెప్పుచు, ప్రసారతరంగములు ప్రజల ఆస్తియని నిర్ణయించినది. ఆ ధర్మాసనమున తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. ఆస్తి ప్రజలదైనప్పుడు, దానిని నిర్వహించువాడు ధర్మకర్త మాత్రమే. ధర్మకర్త హద్దులు మార్పవచ్చును, గట్లు సవరింపవచ్చును. కాని పొలము యజమానికి చెప్పి మార్పవలెను, అతనికి తెలిసిన భాషలో చెప్పవలెను. కోయిలకుంట్లలోని ఒక ముసలమ్మ ఆ యజమానులలో ఒకతె. “మళ్ళ యెప్పుడొస్తాదో” యని ఆమె అడుగుచున్నది. సమాధానము చెప్పవలసినది నేను కాదు.