రాజధానీ నగరమున రాకపోకలు

తొలకరి వాన కురిసినంతనే పల్లెయందలి రైతు ఆకసమువంక జూచి సంతసించును. హైదరాబాదు నగరవాసి నేలవంక జూచి నిట్టూర్చును. ఒకనికి దున్నుటకు పదను దొరకినది. రెండవవానికి నడచుటకు దారి పోయినది. ఒక్క గంటసేపు గట్టివాన పడెనేని రోడ్డేదో, మురుగు కాలువయేదో, గోతియేదో తెలియరాదు. ఏటేట నిది జరుగుచున్నను, ఏటేట నిదియే మొదటిసారియైనట్లు ఆశ్చర్యము ప్రకటించుట మనకు ఆచారమైపోయినది.

ఉప్పలు ప్రాంతమునుండి మూసీ యొడ్డుననున్న న్యాయస్థానములకు పది పండ్రెండు కిలోమీటర్లకంటె మించిన దూరము లేదు. ఈ కొద్దిపాటి దూరము గడచుటకు వానదినములలో గంటన్నర పట్టుట మాకు నిత్యానుభవము. మోటారు గలవాడు విసుగుకొనును. అంతటితో వాని నష్టము తీరును. దినకూలికి పోవువాడు ఆలస్యమైనచో వాని పని వేరొకనికి పోవును. ఆ పూట వాని యింట పొయ్యి వెలుగునో లేదో చెప్పజాలము.

గడచిన వానకాలమున మేమెరిగిన యొక వృద్ధురాలు ఇంటిస్థలపు వ్యాజ్యమున సాక్ష్యమిచ్చుటకై తెల్లవారకమునుపే బయలుదేరినది. రెండు బస్సులు మారి, మూడవదానికై మోకాలిబంటి నీటిలో నిలిచి, తుదకు న్యాయస్థానము చేరుసరికి పిలుపు ముగిసినది. ఇక వాయిదా లేదని యంతకుముందే సెలవైయుండుటచే వ్యాజ్యము గైరుహాజరు కారణమున కొట్టివేయబడినది. మరల దానిని నిలుపుకొనుటకు అర్జీలు, రుసుములు, నెలల కాలహరణము. ఆలస్యమేల అని యడిగినవారికి ఆమె యిచ్చిన సమాధాన మొక్కటే: "తొవ్వ ఏడుంది బిడ్డా?" ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరమీయవలసినవారు న్యాయమూర్తులు గారు, ఆమె పక్షపు వకీలును గాడు; నగరమును పాలించువారు.

ఈ నగరము దారులు లేక పుట్టినది కాదు. 1591లో చార్మినారును నిర్మించినవారు దానిని నాలుగు దిక్కులకు పోవు నాలుగు బాటల కూడలియందు నిలిపిరి. దారిని మొదట నిర్ణయించి, దాని వెంబడి ఊరిని పెంచుట నాటివారి పద్ధతి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాదిమందిని పొట్టనబెట్టుకొనిన పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించి, వరదనివారణకును, మురుగునీటి పారుదలకును పథకములు వ్రాయించిరి. 1912లో నగరాభివృద్ధి మండలి యేర్పడినది. 1920లో ఉస్మాన్‌సాగరును, 1927లో హిమాయత్‌సాగరును పూర్తియైనవి. 1932లో 27 బస్సులతో ప్రభుత్వమే బస్సులు నడపుట కారంభించినది. అది ప్రజలెన్నుకొనిన ప్రభుత్వము కాదు, రాచరికము. దాని దోషములను మేము మరచినవారము కాము. ఐనను నీరు పోవు దారి నేర్పరచిన పిదపనే మనుజులు పోవు దారి నిలుచునన్న యెరుక ఆ పనులయందు గలదు. ప్రజాప్రభుత్వములకు ఆ యెరుక తక్కువగుట సిగ్గుచేటు గాదా?

ఏమియు జరుగలేదని మేమనము. 2007లో చుట్టునున్న 12 పురపాలక సంఘములను గలిపి మహానగరపాలక సంస్థ నేర్పరచిరి. 2009లో మెహిదీపట్నమునుండి విమానాశ్రయపు మార్గమున 11 కిలోమీటర్లకు మించిన పైవంతెన నిర్మించిరి. నగరముచుట్టు 158 కిలోమీటర్ల వలయరహదారి వేసిరి. 2017లో మెట్రో రైలు ఆరంభమై 2020 నాటికి 69 కిలోమీటర్లకు పెరిగినది. ఇవి చిన్న పనులు గావు. కాని యీ గొప్ప నిర్మాణములన్నియు నగరమునకు పైనను, చుట్టునను ఉన్నవి. నగరవాసి యింటినుండి వీథికొనవరకు పోవలసిన దారి మాత్రము గోతులమయముగనే యున్నది. మెట్రో స్తంభముల క్రింద నీరు నిలిచి, ప్రయాణికుడు మెట్లవరకు చేరలేకపోయినచో, ఆ రైలు ఎంత వేగముగా పోయిన నేమి? "పైన పటారము, లోన లొటారము" అని పెద్దలు ఊరక యనలేదు.

రోడ్లు ఏల చెడుచున్నవో యెరుగుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కరలేదు. తారునకు నీటికంటె పగవాడు లేడు. నడుమ నెత్తుగను ఇరుప్రక్కల వాలుగను వేసి, అంచున కాలువ నేర్పరచినగాని నీరు దిగదు. నిలిచిన నీరు చిన్న బీటలగుండ లోనికి జొచ్చును. పైన చక్రములు నొక్కినకొలది కంకరకును తారునకును గల పట్టు విడిపోవును. నేటి బీట వారము దినములలో గోతియగును. ఈ వారము రోడ్డు వేసినచో, పై వారము మంచినీటి గొట్టమునకై యొక శాఖవారు త్రవ్వుదురు; వారు పూడ్చీ పూడ్చకమునుపే మురుగు శాఖవారు, వారి వెనుక తీగలవారు వత్తురు. త్రవ్వుటకు నలుగురు గలరు. సరిగా పూడ్చుటకు ఒక్కడును లేడు.

ఇంతకంటె పెద్ద కారణము వేరొకటి గలదు. ఈ ప్రాంతమున మన పూర్వులు చెరువులను గొలుసుకట్టుగా నిర్మించిరి. ఒక చెరువు నిండిన నీరు అలుగు దుమికి క్రింది చెరువునకు పోవుచుండెను. ఆ చెరువుల శిఖము భూములలో ఇండ్లు లేచినవి. ఆ కాలువలమీద గోడలు లేచినవి. త్రోవ దప్పిన నీరు రోడ్డునే కాలువగా చేసికొన్నది. 2020 అక్టోబరులో వీథులు ఏరులై, కాలనీలు దినముల తరబడి మునిగియున్నప్పుడు జనులు వానను నిందించిరి. వాన తన పూర్వపు దారినే వెదకినది. ఆ దారిని అమ్ముకొన్నవారు, కొన్నవారు, అనుమతించినవారు మనుష్యులే.

రద్దీకి పైవంతెనలే మందని తలచుట మరియొక భ్రమ. వంతెన యొక కూడలిలోని రద్దీని తరువాతి కూడలికి మోసికొనిపోవును. ఏబదిమంది ఒక బస్సులో పోవుదురు; వారే కార్లలో ఒకరిద్దరుగా పోయినచో ముప్పది కార్లు వీథిని గప్పివేయును. కావున లెక్కింపవలసినది గంటకెన్ని బండ్లు పోయినవని గాదు, ఎందరు మనుజులు పోయిరని. తెలంగాణమున 2023 డిసెంబరునుండి స్త్రీలకు బస్సులలో ఉచిత ప్రయాణము కల్పించిరి. ఆ సౌకర్యము ఫలింపవలెనన్న బస్సుల సంఖ్యయు, అవి కదలుటకు దారియు దానికి దీటుగా పెరుగవలెను. బస్సు దిగినవానికి నడచుటకు కాలిబాట యుండవలెను. కాలిబాట లేని నగరము ధనికుల నగరమే గాని ప్రజల నగరము గాదు.

చట్టము మూగవోయి యున్నదా? లేదు. రాజ్యాంగమునకు 1992లో చేసిన 74వ సవరణ చేర్చిన పండ్రెండవ షెడ్యూలున రోడ్లు, వంతెనలు పురపాలక సంఘముల కప్పగింపదగిన పనులలో పేర్కొనబడినవి. కొండప్రాంతవాసులకు దారి యుండుట జీవించు హక్కులో భాగమేనని 1986లో హిమాచల ప్రదేశపు వ్యాజ్యమున సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. మోటారు వాహనముల చట్టమున 2019లో చేర్చిన 198-ఏ నిబంధన ప్రకారము, రోడ్డు నిర్మాణమునందు గాని నిర్వహణమునందు గాని లోపముచే ప్రాణనష్టమో అంగవైకల్యమో కలిగినచో, బాధ్యులైన అధికారులకును గుత్తదారులకును లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,68,491 మంది. వీరిలో అందరు గోతులవలన చావలేదు, నిజమే. కాని ప్రమాదము జరిగినంతనే బండి నడపినవాని పేరు వ్రాసికొందురు. రోడ్డు వేసినవాని పేరు వ్రాసికొనరు. బండి కొన్ననాడే పన్ను చెల్లించి, పెట్రోలు పోయించుకొను ప్రతిసారియు రోడ్ల సుంకము చెల్లించు పౌరుడు తన సొమ్మునకు లెక్క యడుగుట భిక్ష గాదు, హక్కు.

స్వాతంత్ర్యోద్యమమున మన నాయకులు పురపాలనమును చిన్నపనిగా నెంచలేదు. వల్లభభాయి పటేలు 1924 నుండి 1928 వరకు అహమ్మదాబాదు పురపాలక సంఘాధ్యక్షుడై యుండెను. చిత్తరంజన్ దాసు 1924లో కలకత్తాకు తొలి మేయరయ్యెను. మన ప్రకాశం పంతులుగారు రాజమహేంద్రవరపు పురపాలక సంఘమునకు అధ్యక్షత వహించిరి. మువ్వురును న్యాయవాదులే, వీథి నెరుగనివాడు దేశమును నడపజాలడని యెరిగినవారు. మనమో? 2020 డిసెంబరులో జరిగిన నగరపాలక సంస్థ యెన్నికలలో వోటు వేసినవారు సగమైనను లేరు. ఎదురు దారిన బండి తోలువారము మనమే. కాలువలో చెత్త పారవైచువారము మనమే. కాలిబాటమీద అంగడి మెట్లు కట్టువారము మనమే. మనవంతు దోషమును దిద్దుకొననిది పాలకులను నిలదీయు మన కంఠమునకు బలము చేకూరదు.

మేము కోరునవి నాలుగే. ప్రతి రోడ్డుమీదను వేసిన గుత్తదారుని పేరు, వేసిన దినము, అయిన వ్యయము, చెడినచో ఎన్నాళ్లవరకు తానే బాగుచేయవలెనో ఆ గడువు, పలకమీద తెలుగునను ఉర్దూనను వ్రాయించి నిలుపవలెను. నీటివారు, మురుగువారు, తీగలవారు తమ పనులు ముగించితిమని వ్రాసి యిచ్చినగాని తారు పోయరాదు. పైవంతెనకంటె ముందు కాలువకును, కాలిబాటకును, బస్సునకును ధనము కేటాయింపవలెను. వార్డు సంఘములను కాగితముమీదనుండి దింపి, నెలకొకమారు ప్రజల యెదుట కూర్చుండబెట్టవలెను. ఇందేదియు అసాధ్యము గాదు, అపారధనమును అక్కరలేదు.

చదువరులు తమ వీథిలోని గోతులను లెక్కించి, పఠనమందిరమున నలుగురును గూడి, ఒక్క అర్జీ వ్రాసి, ప్రత్యుత్తరము వచ్చువరకు విడువకుందురు గాక. ఆ వృద్ధురాలి వ్యాజ్యము మరల విచారణకు రానున్నది. ఆ దినమున నామె వేళకు చేరునా లేదా యన్నదానిని బట్టియే యీ నగరపాలనమును మేము తూచెదము.