కరోనా వెళ్ళింది, అలవాట్లు మిగిలాయి

కరోనా అని చెప్పుకుంటూ ఇప్పుడు దవాఖానాకు వచ్చేవారు చాలా తక్కువ. కాని మెడ నొప్పి అని వచ్చిన కుర్రవాణ్ణి "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగితే "కరోనా కాడి నుంచి సార్" అంటాడు. నిద్ర పట్టడం లేదని వచ్చిన ఇల్లాలూ అదే మాట చెబుతుంది. బి.పి. మాత్రలు ఎప్పుడు మానేశారని అడిగితే పెద్దాయనదీ అదే జవాబు. ఇదివరకు మా తాండూరు, యాలాల్ ప్రాంతంలో పెద్దవాళ్ళు కాలాన్ని కరువులతో లెక్కపెట్టేవారు. ఇప్పుడు కరోనాతో లెక్కపెడుతున్నారు.

తెలంగాణలో మొదటి కేసు 2020 మార్చి 2న బయటపడింది. అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. వైరస్ అంతరించిపోలేదు. మామూలు జలుబు జ్వరాల సరసన అదీ ఒకటిగా తిరుగుతూనే వుంది. అయితే ఆ మూడేళ్ళలో మన పని తీరు మారింది, తిండి వేళలు మారాయి, జబ్బును చూసే చూపు మారింది. ఆ మార్పుల్లో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదిలించుకోవాలి అన్నదే ఈ వారం మన విషయం.

కోరంటి కొత్త కాదు

రోగిని వేరుగా ఉంచడం మనకు కొత్త సంగతి కాదు. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రిని పెద్దలు ఇప్పటికీ "కోరంటి దవాఖానా" అనే అంటారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట నలిగి కోరంటి అయింది. అయితే 2020లో జరిగింది వేరు. జబ్బు ఉన్నవాడినే కాదు, లేనివాడిని కూడా ఇంట్లో కూర్చోబెట్టవలసి వచ్చింది. మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. బండల యూనిట్లలో రంపాల చప్పుడు ఆగిపోయింది. ప్యాసింజరు రైళ్ళు నిలిచిపోయాయి. దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలు పనీ లేక, ఊరికి పోయే దారీ లేక చిక్కుబడిపోయారు. వలస కూలీల కోసం దేశంలో మొట్టమొదటి ప్రత్యేక రైలు 2020 మే 1న బయలుదేరింది మన సికింద్రాబాదు - వాడి మార్గంలోని లింగంపల్లి నుంచే. సుమారు 1,200 మందితో అది జార్ఖండ్‌లోని హటియాకు వెళ్ళింది.

ఇక 2021 ఏప్రిల్, మే నెలల రెండో అల సంగతి చెప్పనక్కర లేదు. ఇంటికొకరు మంచం పట్టిన రోజులవి. ఒకే గది ఉన్న ఇళ్ళలో రోగిని వేరుగా ఎక్కడ ఉంచాలి? నల్లగొండ జిల్లాలో ఒక యువకుడు ఇంటివాళ్ళకు అంటుతుందన్న భయంతో చెట్టు మీద మంచం కట్టుకుని 11 రోజులు గడిపాడు. ఆ భయం మనలో ఒక చెడ్డ అలవాటును మిగిల్చింది. ముందుగా దాని సంగతే చెప్పుకోవాలి.

దగ్గును దాచుకోవడం

కరోనా రోజుల్లో దగ్గినవాడిని చూసి వీధంతా తలుపులు మూసుకుంది. పరీక్షలో "ఉంది" అని తేలితే కిరాణా కొట్టువాడు సరుకు ఇవ్వడేమో, మేస్త్రీ పనిలోకి రానివ్వడేమో అని జనం హడలిపోయారు. అందుకని దగ్గును దాచడం నేర్చుకున్నారు. కరోనా పోయినా ఆ దాపరికం పోలేదు. రెండు నెలలుగా దగ్గుతూ, దుకాణంలో సీసా మందు కొని తాగుతూ, బరువు సగమయ్యాక దవాఖానాకు వచ్చేవారిని ఇప్పటికీ చూస్తున్నాము.

దీని ఫలితం ఏమిటో లెక్కలు చెబుతాయి. మన దేశంలో 2019లో సుమారు 24 లక్షల క్షయ కేసులు నమోదయ్యాయి. 2020లో అవి 18 లక్షలకు పడిపోయాయి. క్షయ తగ్గిందని సంతోషించనక్కర లేదు. రోగులు ఉన్నారు, పరీక్షకు రాలేదు, అంతే. ఆ సంవత్సరం ప్రపంచంలో క్షయ మరణాలు పెరిగాయి. అంతకు ముందు పదేళ్ళకు పైగా అవి ఏటేటా తగ్గుతూ వచ్చాయి.

కాబట్టి ఒక్క నియమం గుర్తుంచుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు ఏదైనా సరే, గళ్ళ పరీక్ష చేయించవలసిందే. సాయంత్రం పూట జ్వరం, రాత్రి చెమటలు, ఆకలి లేకపోవడం, గళ్ళలో రక్తపు జీర ఉంటే రెండు వారాలు ఆగనక్కర లేదు. ప్రభుత్వ దవాఖానాలో పరీక్షా ఉచితమే, మందులూ ఉచితమే. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. చికిత్సలో ఉన్నంతకాలం పోషకాహారానికి నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దానిని 1,000 రూపాయలు చేశారు. సరిగా మందు మొదలుపెట్టాక రెండు మూడు వారాల్లోనే చాలామందిలో అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. కనుక ఇంట్లో రోగి పళ్ళెం వేరు, మంచం వేరు అని నెలల తరబడి వెలివేయకండి. క్షయ పళ్ళెం వల్ల అంటదు, గాలి వల్ల అంటుతుంది. కిటికీలు తెరవండి, దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోమనండి.

దస్తీ కట్టుకుంటే చాలదు

తాండూరు పేరు చెబితే రెండు గుర్తుకు వస్తాయి. ఒకటి కంది, రెండోది నాపరాయి. కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు దక్కింది. నాపరాయి గనుల్లోనూ, పాలిష్ యూనిట్లలోనూ పనిచేసేవారి ఊపిరితిత్తుల గురించి మాత్రం అంతగా అనుకోము.

కరోనా వల్ల వీరికి ఒక మేలు జరిగింది. ముక్కుకు అడ్డం కట్టుకోవడం అలవాటయింది. అయితే ఇక్కడ ఒక భ్రమ వుంది. గుడ్డ మాస్కు మన నోటి తుంపరలు ఎదుటివాడి మీద పడకుండా కొంతవరకు ఆపుతుంది. రాతి పొడి నుంచి మనను కాపాడలేదు. కంటికి కనిపించే పొడి ముక్కులోనే ఆగి తుమ్ముతో బయటకు పోతుంది. అపకారం చేసేది కంటికి కనిపించని పొడి. తల వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ రేణువులు దస్తీ నేతలోంచి సులువుగా దూరి ఊపిరితిత్తుల అడుగుకు చేరతాయి. రాతిలోని సిలికా అక్కడ మచ్చలు కట్టిస్తుంది. దానినే సిలికోసిస్ అంటారు. ఆ మచ్చలను కరిగించే మందు లేదు. పైగా అటువంటి ఊపిరితిత్తుల్లో క్షయ తేలికగా కాపురం పెడుతుంది. సున్నపురాయిలో సిలికా పాలు గ్రానైటులో కంటె తక్కువే. కాని ఇరవై ఏళ్ళు పీలిస్తే తక్కువ కూడా ఎక్కువే అవుతుంది.

అందుచేత ఈ పనిలో ఉన్నవారు పాటించవలసినవి:

రాయి కోసేటప్పుడు రంపం మీద నీరు పడుతూనే ఉండాలి. పొడి కోత వద్దు.

యూనిట్ చుట్టూ పడిన బురద ఎండితే గాలికి లేచేది మళ్ళీ ఆ పొడే. చీపురుతో ఊడ్చకుండా, నీళ్ళు చల్లి పారతో ఎత్తాలి.

ఎన్-95 రకం మాస్కు వాడాలి. అది ముక్కుకు, గడ్డానికి బిర్రుగా పట్టి ఉండాలి. మెడలో వేలాడే మాస్కు మెడనే కాపాడుతుంది.

పని బట్టలు అక్కడే విడిచి, ముఖం చేతులు కడుక్కుని ఇంటికి రావాలి. ఆ బట్టలను ఇంట్లో దులిపితే పసిపిల్లలు పీలుస్తారు.

బీడీ మానాలి. పొడీ పొగా కలిస్తే నష్టం రెండింతలు.

ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాలి. దవాఖానాకు వస్తే ఆ రోజు కూలి పోతుందని మీకు తెలుసు, మాకూ తెలుసు. యజమానులకు నా మనవి ఒక్కటే. ఏడాదిలో ఆ ఒక్క పూటకు కూలి కట్టి పంపండి. పనివాడు మంచం పడితే అతని ఇంటికి పోయేది ఒక పూట కూలి కాదు.

మంచం మీద కొలువు

మరో మార్పు చదువుకున్న కుర్రవాళ్ళది. 2020లో కంపెనీలు ఇంటి నుంచే పని చేయమన్నాయి. పట్నంలో గది ఖాళీ చేసి, సొంత ఊరు చేరి, నవారు మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని పని మొదలుపెట్టారు. అమ్మ చేతి జొన్నరొట్టె దొరికింది, గది అద్దె మిగిలింది. కాని వీపు వంగింది. ఇప్పుడు ఆఫీసుకు రమ్మంటున్నా, వారంలో కొన్ని రోజులు ఇంటి పని చాలామందికి మిగిలే వుంది.

మంచం పడుకోవడానికి, పని చేయడానికి కాదు. బల్ల, కుర్చీ తప్పనిసరి. ఖరీదైనవి అక్కరలేదు. పాదాలు నేలకు ఆనాలి, నడుము వెనుక చిన్న దిండు ఉండాలి, తెర పైఅంచు కంటి ఎత్తుకు రావాలి. నాలుగు లావుపాటి పుస్తకాలు ల్యాప్‌టాప్ కింద పెట్టి, విడి కీబోర్డు వాడితే సరిపోతుంది. అరగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి. ప్రతి 20 నిమిషాలకు, 20 అడుగుల దూరంలో ఉన్నదానిని 20 సెకన్లు చూస్తే కళ్ళకు విశ్రాంతి. వారానికి 150 నిమిషాలు చురుకుగా నడవాలి. పల్లెలో ఉన్నాను కదా అనుకుంటే చాలదు. చేను పక్కన ఉన్నా కుర్చీలో ఉన్నవాడు పట్నవాసి కిందే లెక్క.

పిల్లల సంగతి ఇంకొకటి. బడులు మూతపడినప్పుడు టి-శాట్, దూరదర్శన్ పాఠాలతోపాటు సెల్ ఫోను ఇంట్లోకి గురువుగా వచ్చింది. గురువు పని అయిపోయింది, ఫోను మాత్రం పోలేదు. అన్నం తినిపించడానికి ఫోను చూపించే అలవాటు ఉంటే ఈ రోజే మానండి. రోజూ గంటన్నర, రెండు గంటలు ఆరుబయట ఆడుకునే పిల్లలకు హ్రస్వదృష్టి వచ్చే అవకాశం తక్కువ.

దుకాణమే దవాఖానా

దవాఖానాకు పోవడానికి భయపడిన రోజుల్లో వాట్సాప్‌లో వచ్చిన మందుల చీటీలు ఇంటింటా తిరిగాయి. ఇప్పటికీ జలుబు చేస్తే అజిత్రోమైసిన్ మూడు మాత్రలు కొనేవారున్నారు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. అనవసరంగా వాడితే, నిజంగా అవసరం పడిన రోజున పనిచేయదు. స్టెరాయిడ్‌లు ఇంకా ప్రమాదం. ఆయాసపడుతున్న కరోనా రోగికి అవి ప్రాణం పోశాయి, నిజమే. కాని 2021లో చక్కెర అదుపు తప్పినవారిలో వాటి విచ్చలవిడి వాడకం బ్లాక్ ఫంగస్‌కు దారి వేసింది. కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. కన్ను పోగొట్టుకున్నవారున్నారు.

దూరం అడ్డమైతే ఈ-సంజీవని ద్వారా ఫోనులోనే ప్రభుత్వ వైద్యుని సలహా పొందవచ్చు. అదీ కరోనా కాలంలో వాడుకలోకి వచ్చినదే. 2021 సెప్టెంబరులో డ్రోన్లతో మందులు పంపే ప్రయోగానికి మన వికారాబాదులోనే శ్రీకారం చుట్టారు. మందు గాలిలో ఎగిరి వచ్చినా, వేసుకోవలసినది మాత్రం మీరే. లాక్‌డౌన్‌లో మానేసిన బి.పి., షుగరు మాత్రలు తిరిగి మొదలుపెట్టనివారు ఈ వారమే వెళ్ళి పరీక్ష చేయించుకోండి.

ఉంచుకోవలసినవి

సబ్బుతో 20 సెకన్లు చేతులు కడగడం, జ్వరం ఉన్నప్పుడు పెళ్ళికీ, సంతకూ పోకపోవడం, దగ్గు ఉంటే మాస్కు కట్టుకోవడం, ఎదురైనవారికి చేతులు జోడించి నమస్కారం పెట్టడం. వీటికి పైసా ఖర్చు లేదు. కరోనా ఉన్నా లేకున్నా ఇవి విరేచనాలను, జలుబులను తగ్గిస్తాయి.

పాఠకుల సందేహాలు

ప్రశ్న: నా భర్త ఇంటి నుంచే అమెరికా వేళల్లో పని చేస్తారు. రాత్రి 2 గంటలకు పడుకుని పదింటికి లేస్తారు. రెండేళ్ళలో 9 కిలోలు పెరిగారు. ఏమి చేయాలి? (ఒక సోదరి, తాండూరు)

జవాబు: అమ్మా, ఉద్యోగం మానమని చెప్పను. నిద్ర వేళ ఏదైనా, రోజూ అదే వేళ కావాలి. సెలవు రోజున మార్చకూడదు. గది చీకటిగా ఉంచండి. ఏడెనిమిది గంటల నిద్ర పట్టనివ్వండి. లేవగానే అరగంట ఎండలో నడవమనండి. రాత్రి భోజనం 8 లోపల ముగించాలి. ఆ తరువాత ఆకలైతే మజ్జిగ, వేయించిన శనగలు చాలు. రాత్రి 9 దాటాక టీ వద్దు. పరగడుపున చక్కెర, బి.పి. ఒకసారి చూపించండి.

ప్రశ్న: కరోనా టీకా వల్లనే పడుచువాళ్ళకు గుండెపోట్లు వస్తున్నాయంటున్నారు. నేను రెండు మోతాదులు వేసుకున్నాను. భయంగా ఉంది. (ఒక పాఠకుడు, యాలాల్)

జవాబు: భయం వదలండి. 18 - 45 ఏళ్ళవారి ఆకస్మిక మరణాలపై భారత వైద్య పరిశోధన మండలి 2023లో ప్రచురించిన అధ్యయనంలో టీకా ఆ ముప్పును పెంచలేదని తేలింది. ముప్పు పెంచినవి తీవ్రమైన కరోనాతో ఆసుపత్రి పాలవడం, కుటుంబంలో అటువంటి మరణం, అతిగా తాగడం, తీవ్ర శ్రమ. కొవిషీల్డ్ వంటి టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టిన మాట నిజమే. కాని అది వేసుకున్న కొద్ది వారాల్లోనే కనిపించేది. మీకు ఆ గడువు ఏనాడో దాటిపోయింది. గుండె గురించి ఆలోచన ఉంటే పొగ మానండి, ఉప్పు తగ్గించండి, బి.పి. చూపించుకోండి. టీకా మీద బెంగతో నిద్ర పాడుచేసుకోకండి. ఆ బెంగ మరీ వేధిస్తే 14416కు ఫోను చేయండి. మనసు విప్పి మాట్లాడడానికి ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు అది.